పోల్, సిల్క్స్, హూప్, హ్యామక్: మొదటి క్లాస్ దేనికి వెళ్తే మంచిది?

నేల వదిలి గాల్లో చేసే ఈ కళల మీద మనసు పడ్డవాళ్లకి మొదటి చిక్కు స్టూడియో టైమ్‌టేబుల్ దగ్గరే వస్తుంది. పోల్, ఏరియల్ సిల్క్స్, హూప్, హ్యామక్, ట్రపీజ్ అని నాలుగైదు పేర్లు ఉంటాయి. ప్రతిదాని పక్కనా ‘బిగినర్స్ రావచ్చు’ అనే ఉంటుంది. ఫోటోల్లో అన్నీ అందంగానే కనిపిస్తాయి. దాంతో చాలామంది ఏదో ఒక వీడియో నచ్చి దానికే పేరిచ్చేస్తారు. మొదటి రోజు అరచేతులు మండి, మీగాళ్లు కమిలి, ‘ఇది మన వల్ల అయ్యే పని కాదు’ అనుకుని మళ్లీ ఆ వైపు వెళ్లరు. నిజానికి వాళ్లకి కుదరనిది ఆ ఒక్క పరికరమే అయి ఉండొచ్చు. పక్క గదిలో ఉన్నదానికి వెళ్లుంటే ఈపాటికి ఆర్నెల్లుగా నేర్చుకుంటూ ఉండేవాళ్లేమో.

వీడియో చూసి ఎంచుకోవడంలో ఇంకో ఇబ్బంది ఉంది. అందులో కనబడేది ఏళ్ల సాధన. మొదటి రెండు నెలల్లో మీరు చేసే పని దానికి దగ్గరగా కూడా ఉండదు. అందుకే ఇక్కడ పోలిక అంతా ఆ మొదటి రెండు నెలల గురించే. మూడేళ్ల తర్వాత ఏది గొప్పగా ఉంటుందన్నది ఇప్పుడు తేల్చుకోనక్కర్లేదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు కింద పడకుండా పట్టి ఉంచేది ఏది?

పోల్ మీద ఆ పని చేసేది మీ చర్మం. లోహానికీ ఒంటికీ మధ్య రాపిడి లేకపోతే జారిపోతారు. సిల్క్స్‌లో బట్ట చుట్టుకునే తీరు మిమ్మల్ని పట్టి ఉంచుతుంది. హూప్‌లో మోకాలి మడత, తుంటి, మోచేయి లాంటివి కొక్కేల్లా పనిచేస్తాయి. హ్యామక్‌లో బట్టే మిమ్మల్ని మోస్తుంది, మీరు అందులో కూర్చుంటారు, లేదా నడుముకి ఆనించుకుని వాలిపోతారు.

ఏ బట్టలు వేసుకోవాలి, ఎక్కడ నొప్పి పుడుతుంది, ముందు ఏ కండరం అలిసిపోతుంది, చెమట పడితే ఏమవుతుంది అన్నవన్నీ దీన్నుంచే వస్తాయి. ఇది అర్థమైతే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఇంకో మూడు విషయాలు చూడాలి. మొదటిది, తలకిందులు కావడం ఎంత త్వరగా వస్తుంది? కొన్నిటిలో అది నెలల తర్వాత మాట, కొన్నిటిలో మొదటి క్లాస్‌లోనే. రెండోది, నేల మీంచి పాదాలు ఎంత ఎత్తుకి లేస్తాయి? మూడోది, పరికరం తిరుగుతుందా? కళ్లు తిరిగేవాళ్లకి ఎత్తు కంటే ఇదే పెద్ద సమస్య.

‘ముందు కొంచెం బలం తెచ్చుకుని అప్పుడు చేరతా’ అనే మాట తరచూ వింటుంటాం. అవసరం లేదు. ఒక్క పులప్ కూడా తీయలేనివాళ్లు రోజూ చేరుతుంటారు. కావాల్సిన బలం ఆ పరికరం మీదే వస్తుంది, జిమ్‌లో తెచ్చుకున్న బలం అక్కడ కొంతవరకే పనికొస్తుంది. ఒళ్లు వంగదన్న బెంగ కూడా అంతే. స్ప్లిట్స్ రాకపోయినా మొదటి ఏడాదికి వచ్చే నష్టమేమీ లేదు.

## పోల్

పోల్ అంటే నేల నుంచి పైకప్పు దాకా ఉండే నిలువు లోహపు గొట్టం. స్టూడియోల్లో ఎక్కువగా 45 మిల్లీమీటర్ల మందం ఉన్నవి కనిపిస్తాయి, అక్కడక్కడా 50 కూడా ఉంటాయి. అరచెయ్యి చిన్నదైతే సన్నని పోల్ పట్టు సులువు. రెండు రకాలుగా వాడతారు. స్టాటిక్ పెడితే పోల్ కదలదు, మీరే దాని చుట్టూ తిరగాలి. స్పిన్ పెడితే పోలే తిరుగుతుంది. మొదటి క్లాసులు స్టాటిక్ మీద ఉంటే మంచిది. స్పిన్ మీద చిన్న తోపుకే గిర్రున తిరుగుతుంది, చూడ్డానికి బావుంటుంది కానీ ఆపడం తెలియనివాళ్లకి కడుపులో తిప్పేస్తుంది.

కొత్తవాళ్లకి పోల్‌లో ఉన్న గొప్ప సౌకర్యం, పాదాలు నేల మీదే ఉండటం. పోల్ పట్టుకుని చుట్టూ నడవడం, ఒక కాలు బయటికి విసిరి తిరగడం, ఫైర్‌మన్ స్పిన్ లాంటి తేలికపాటి స్పిన్నులు, ఆ తర్వాత పోల్‌ని తొడల మధ్య బిగించి కూర్చోవడం, రెండడుగులు ఎక్కడం. మొదటి క్లాస్‌లో ఇంతే. చెయ్యి జారినా పడేది కొద్ది ఎత్తు నుంచే. తలకిందులు కావడం చాలాచోట్ల రెండు మూడు నెలల తర్వాతే నేర్పుతారు, అదే పద్ధతి కూడా.

పోల్ అసలు స్వభావం మొదటిసారి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఒక పాదాన్ని పైకి వంచి, మీగాలూ దాని పైనున్న ఎముకా పోల్‌కి ఆనేలా పెడతారు. రెండో కాలి పిక్క అవతలి వైపు నుంచి నొక్కుతుంది. రెండు మోకాళ్లూ గట్టిగా బిగిస్తే పోల్ మధ్యలో ఇరుక్కుంటుంది. అప్పుడు నడుం నిటారుగా లేపి, చేతులు పైకి జరపాలి. చర్మం లోహం మీద కీచుమంటుంది. మీగాలి మీద సన్నటి చర్మం మెలిపెట్టినట్టు మండుతుంది. చేతులతో లాగేద్దామనుకునేవాళ్లు అక్కడే ఆగిపోతారు, కాళ్లని నమ్మినవాళ్లు పైకి వెళ్తారు. ఆ మంట నాలుగైదు క్లాసుల్లో బాగా తగ్గుతుంది, ఎందుకంటే అక్కడి చర్మం అలవాటుపడుతుంది. తొడల లోపలి వైపు కూర్చునేటప్పుడు పుట్టే నొప్పి మాత్రం ఇంకొంత కాలం ఉంటుంది.

చర్మమే పట్టు కాబట్టి పొట్టి షార్ట్స్, చేతులు లేని టాప్ తప్పవు. ఇది చూపించుకోవడానికి పెట్టిన నియమం కాదు. లెగ్గింగ్స్‌తో పోల్ మీద కూర్చుంటే నున్నగా కిందికి వచ్చేస్తారు. మొదటి ఒకటి రెండు క్లాసుల్లో ఎక్కువ పని నేల మీదే కాబట్టి మోకాళ్ల దాకా ఉన్న షార్ట్స్‌తో నెట్టుకురావచ్చు. షార్ట్స్ అసలు వద్దనుకునేవాళ్ల కోసం సిలికాన్ పూత వేసిన పోల్స్ ఉన్నాయి. వాటి మీద ఒళ్లంతా కప్పే బట్టలతోనే చేస్తారు. అన్ని స్టూడియోల్లో ఉండవు, అడిగి తెలుసుకోవాలి.

పోల్‌లో ఇంకో ఎంపిక కూడా దాగి ఉంటుంది, అదే శైలి. ఒకచోట పోల్ ఫిట్‌నెస్ అంటారు, అంటే కసరత్తు ఎక్కువ. ఇంకోచోట హీల్స్ వేసుకుని నేల మీద దొర్లుతూ చేసే ఎగ్జాటిక్ శైలి. మరోచోట నిదానమైన సంగీతానికి చేసే కాంటెంపరరీ. నిలువు స్తంభం మీద కసరత్తు కొత్తదేం కాదు. మల్లఖంబం ఉంది, చైనీస్ పోల్ ఉంది. అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ సమాఖ్య 2009లో ఏర్పడింది, 2017లో దానికి అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల సంఘంలో పరిశీలక హోదా దక్కింది. అయితే ఇవాళ క్లాసుల్లో నేర్పే స్పిన్నుల్లో చాలా భాగం క్లబ్బుల్లో ఆడిన డాన్సర్ల దగ్గర్నుంచి వచ్చినవే. దాన్ని దాచిపెట్టి ‘మాది పూర్తిగా స్పోర్ట్’ అని గొప్పలు పోవడం నాకు నచ్చదు. అలాగని మీకు ఇబ్బందిగా ఉండే శైలిలో చేరాల్సిన పనీ లేదు. పేరిచ్చే ముందే ‘మీ బిగినర్స్ క్లాస్ ఏ శైలి?’ అని అడిగేయండి.

## ఏరియల్ సిల్క్స్

పై నుంచి వేలాడే రెండు పొడవాటి బట్ట పాయలు. పేరు సిల్క్ అయినా అది పట్టు కాదు. ఎక్కువగా సాగే గుణం తక్కువగా ఉన్న నైలాన్ బట్ట. అందరి కళ్లూ ముందు పడేది దీని మీదే, మొదట్లో అందరినీ ఎక్కువగా ఏడిపించేదీ ఇదే.

కారణం ఏమిటంటే, ఇక్కడ ఆనుకోవడానికి గట్టి వస్తువేదీ ఉండదు. మెత్తటి బట్టని పిడికిట్లో బిగించి, ఒంటి బరువంతా ఎత్తాలి. క్లాస్ సగం అయ్యేసరికి ముంజేతులు రాయిలా గట్టిపడి, నీళ్ల సీసా మూత తిప్పడానికి కూడా వేళ్లు సహకరించవు. కొత్తవాళ్లలో పైకి లాగే బలం తక్కువున్నవాళ్లకి మొదటి నాలుగైదు వారాలు ‘నేను ముందుకెళ్లడం లేదు’ అనే అనిపిస్తుంది.

దీన్ని మంచి ట్రైనర్లు రెండు రకాలుగా తేలిక చేస్తారు. ఒకటి, బట్ట కింది భాగంలో ముడి వేసి, దాని మీద కూర్చునో నిలబడో సాధన చేయిస్తారు. రెండు, మొదటి రోజే ఫుట్‌లాక్ నేర్పుతారు. బట్టని కాలి చుట్టూ తిప్పి, రెండో పాదంతో కింద వేలాడే బట్ట కొసని ఎత్తి, మీగాలి మీదుగా వేసి నిలబడితే అది పాదం చుట్టూ ఎనిమిది అంకెలా తిరిగి తన బిగువుతో తానే లాక్ అయిపోతుంది. చేతులు వదిలినంత పని చేసినా కాలు జారదు. ఆ క్షణం చాలామందికి సిల్క్స్ మీద ప్రేమ పుట్టిస్తుంది. కాకపోతే బరువంతా పాదం మీద ఆ ఒక్క మడతలోనే పడుతుంది కాబట్టి, ఎముకలు ఒకదానికొకటి నొక్కుకున్నట్టు నొప్పి పెడుతుంది. లాక్ సరిగ్గా పడితే ఈ నొప్పి తగ్గుతుంది. కాబట్టి భరించడం కంటే ట్రైనర్‌ని పిలిచి చూపించడం మేలు.

సిల్క్స్‌కి బుర్ర కూడా పని చేయాలి. బట్ట ముందు నుంచి వచ్చిందా వెనక నుంచా, ఏ కాలు లోపల ఉంది, ఏది విప్పితే కిందికి వస్తాం అన్నది గుర్తుపెట్టుకోవాలి. పజిల్స్ ఇష్టపడేవాళ్లకి ఇదొక వ్యసనంలా పట్టేస్తుంది. కుడి ఎడమలు తడబడేవాళ్లకి టెన్షన్. సగంలో మర్చిపోతే పైనే ఇరుక్కుపోయే అవకాశం ఉంది కాబట్టి, ఎక్కడం కంటే ముందు దిగడం నేర్పే చోటే చేరండి. బట్ట మీంచి సర్రున జారితే అరచేతుల్లో, కాళ్ల మధ్య చర్మం కాలినట్టు ఒరుసుకుపోతుంది.

బట్టల విషయంలో ఇది పోల్‌కి పూర్తిగా ఎదురు. ఒంటిని ఎంత కప్పితే అంత మంచిది. మోకాలి వెనక గుంటా, చంకా, నడుమూ కప్పాలి. జిప్పులు, గుండీలు ఉన్న బట్టలు వద్దు, సిల్క్ చిరిగిపోతుంది.

చుట్టుకుని పై నుంచి దొర్లుతూ కిందికి వచ్చే డ్రాప్స్ గురించి ఒక్క మాట. వాటికోసమే చాలామంది చేరతారు. కానీ మొదటి కొన్ని వారాల్లోనే డ్రాప్ నేర్పే స్టూడియో కనిపిస్తే, అది మంచి గుర్తు కాదు. డ్రాప్ ఆగే క్షణంలో పడే బరువు మామూలు ఒంటి బరువుకి కొన్ని రెట్లు ఉంటుంది. చుట్టు తప్పుగా పడితే సరిదిద్దుకునే సమయం ఉండదు.

## హూప్

లైరా అని కూడా అంటారు. సాధారణంగా 90 నుంచి 100 సెంటీమీటర్ల వ్యాసం ఉండే ఉక్కు వలయం, మీద టేప్ చుట్టి ఉంటుంది. కొత్తవాళ్లకి ఛాతీ ఎత్తుకో తల ఎత్తుకో వేలాడదీస్తారు.

హూప్ గుణం ఏమిటంటే, ఎక్కడమే కష్టం. ఎక్కాక సుఖం. లోపల కూర్చుని ఒక కాలు చాపి, వెన్ను వలయానికి ఆనిస్తే చాలు, మొదటి రోజే చక్కటి భంగిమ అయిపోతుంది. చూపించుకోదగ్గ ఫోటో తొందరగా రావాలంటే దీన్ని మించింది లేదు. ఫోటో కోసమేనా అని ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకండి, రెండో క్లాస్‌కి మనిషిని రప్పించేది చాలాసార్లు ఆ ఫోటోయే.

కానీ ఎక్కే పద్ధతి చూడండి. చాలాచోట్ల నేర్పేది ఇదీ: రెండు చేతులతో వలయం పట్టుకుని, కాళ్లు పైకి మడిచి, మోకాళ్లు లోపలికి తగిలించి, తలకిందులుగా వేలాడి, అక్కణ్నుంచి పైకి లేచి కూర్చోవాలి. అంటే తలకిందులు కావడం మొదటి క్లాస్‌లోనే వచ్చేస్తుంది. పొట్ట కండరాలు బొత్తిగా సహకరించకపోతే ట్రైనర్ నడుం పట్టి సాయం చేస్తారు, లేదా హూప్‌ని కిందికి దించి నేరుగా కూర్చోబెడతారు. కిందికి దించే ఏర్పాటు ఉందా అని ముందే అడగడం తెలివైన పని.

నొప్పి మోకాలి వెనకా, తొడల వెనకా, తోక ఎముక దగ్గరా ఉంటుంది. మోకాళ్ల వెనక నీలిరంగు మచ్చలు పడతాయి. పోల్ మంట చర్మానిది, హూప్ నొప్పి ఎముకకి ఉక్కు తగిలినట్టుండేది. ఒకే బిందువు నుంచి వేలాడే హూప్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. కళ్లు తిరుగుతుంటే రెండు తాళ్లతో కట్టినది ఉందేమో చూడండి.

## హ్యామక్

పెద్ద బట్టని రెండు కొసలూ పైకి కట్టి, నడుం ఎత్తులో ఉయ్యాలలా వేలాడదీస్తారు. ఇందులో రెండు వేర్వేరు క్లాసులుంటాయి, పేర్లు దగ్గరగా ఉండి తికమక పెడతాయి. ఏరియల్ యోగా అంటే నెమ్మదిగా సాగదీయడం, బట్ట సాయంతో తలకిందులై వేలాడటం, చివర్లో అందులోనే పడుకోవడం. ఏరియల్ హ్యామక్ లేదా స్లింగ్ అంటే సర్కస్ పద్ధతి. అదే బట్ట మీద ఎక్కడం, చుట్టుకోవడం, భంగిమలు. విశ్రాంతి కోసం వెళ్లి రెండో దాంట్లో పడితే చెమటలు పడతాయి, విన్యాసాలు నేర్చుకుందామని వెళ్లి మొదటి దాంట్లో పడితే విసుగు పుడుతుంది.

ఎత్తంటే భయమున్నవాళ్లకి, చేతుల్లో బలం లేనివాళ్లకి ఇది సులువైన దారి. బట్ట తుంటికి ఆనించి వెనక్కి వాలి, కాళ్లు బట్ట పాయలకి చుట్టేస్తే తలకిందులైపోయినట్టే, చేతులకి పని లేదు. తుంటి మడతల్లో బట్ట కోసుకున్నట్టుంటుంది, దాన్ని కొంచెం విప్పి పరుచుకుంటే తగ్గుతుంది. దీనికున్న లోటు, పైకి లాగే బలం నెమ్మదిగా వస్తుంది. ఏరియల్ యోగాలో ఆరు నెలలు గడిపి సిల్క్స్‌కి వెళ్తే, సిల్క్స్ ఎక్కడం దాదాపు కొత్తగానే మొదలుపెట్టాలి.

ట్రపీజ్, తాడు కూడా కొన్నిచోట్ల ఉంటాయి. రెండు తాళ్లకి కట్టిన అడ్డకర్ర మీద చేసే స్టాటిక్ ట్రపీజ్ కొత్తవాళ్లకి నిజంగా మంచి బడి. పెద్దగా తిరగదు, ఏది ఎక్కడుందో తెలుస్తుంది. దొరికితే వదులుకోవద్దు. తాడు మాత్రం సిల్క్స్‌లో కొంతకాలం గడిపాకే, అది చర్మాన్ని అసలు క్షమించదు.

## ఒకచోట పెట్టి చూస్తే

| | పోల్ | సిల్క్స్ | హూప్ | హ్యామక్ |
|---|---|---|---|---|
| పట్టి ఉంచేది | చర్మం రాపిడి | బట్ట చుట్టు, పిడికిలి | మోకాలి మడత, తుంటి | బట్టే మోస్తుంది |
| మొదటి రోజు ఎత్తు | దాదాపు నేల మీదే | కొద్ది అడుగులు | ఛాతీ నుంచి తల ఎత్తు | నడుం ఎత్తు |
| తలకిందులు | నెలల తర్వాత | ముడి సాయంతో త్వరగా, విడిగా ఆలస్యం | తరచూ మొదటి క్లాస్‌లోనే | మొదటి క్లాస్‌లోనే, ఆసరాతో |
| ముందు అలిసేది | పిడికిలి, భుజాలు | ముంజేతులు | పొట్ట, పిడికిలి | పెద్దగా ఏదీ కాదు |
| నొప్పి | మీగాలు, తొడ లోపల | పాదాలు, అరచేతులు | మోకాలి వెనక, తోక ఎముక | తుంటి మడతలు |
| బట్టలు | పొట్టి షార్ట్స్, చేతులు లేని టాప్ | ఒంటిని కప్పేవి | లెగ్గింగ్స్ | ఒంటిని కప్పేవి |
| అరచేతి చెమట | పెద్ద ఇబ్బంది | కొంత ఇబ్బంది | కొంత ఇబ్బంది | లెక్కలోకి రాదు |

## మీకు ఏది

ఎత్తంటే భయం ఉంటే హ్యామక్, లేదా పోల్. రెండిట్లో నేను పోల్‌కే ఓటేస్తాను, ఎందుకంటే ఎంత ఎత్తుకి వెళ్లాలన్నది అంగుళం అంగుళం మీ చేతుల్లో ఉంటుంది. హ్యామక్ తక్కువ ఎత్తులో ఉన్నా తల వెనక్కి వాలిన క్షణంలో ఆ అదుపు పోయినట్టనిపిస్తుంది.

బరువు ఎక్కువని సంకోచిస్తుంటే, ముందుగా ఒక మాట: సరిగ్గా బిగించిన పరికరానికి మీ బరువు సమస్యే కాదు. అక్కడి కొక్కేలు, బట్టలు ఒక మనిషి బరువుకి ఎన్నో రెట్లు తట్టుకునేలా ఎంచుకుంటారు. సమస్య మీ చేతులకే, ఎందుకంటే ఎత్తాల్సిన బరువుకీ బలానికీ నిష్పత్తి ముఖ్యం. అందుకే సిల్క్స్‌తో మొదలుపెడితే నిరుత్సాహం ఎక్కువ. స్టాటిక్ పోల్‌లో కాళ్లు నేల మీద ఉంచుకుంటూనే బలం పెంచుకోవచ్చు, పైగా తొడలకి మంచి పట్టు ఉండటం అక్కడ లాభమే. యోగా హ్యామక్ కూడా బావుంటుంది. పరికరం ఎంత బరువు తట్టుకుంటుందో అడగడానికి మొహమాటపడొద్దు, సరైన స్టూడియో దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

పొట్టి బట్టలు వేసుకోవడం ఇష్టం లేకపోతే సిల్క్స్, హూప్, హ్యామక్ అన్నీ సరే. మగవాళ్లు కూడా చాలామంది ఈ కారణంగానే పోల్ వైపు రారు, అది పొరపాటు నిర్ణయం అంటాను. వాళ్లకి పోల్ తొందరగా వస్తుంది.

అరచేతులు ఊరికే చెమట పట్టేవాళ్లు పోల్‌తో మొదలుపెడితే క్లాసంతా తుడుచుకోవడంతోనే సరిపోతుంది. మెగ్నీషియం కార్బొనేట్ పొడి, అదే చాక్, కొంత సాయపడుతుంది. టేప్ చుట్టిన హూప్ నయం.

పాట, అడుగు, కదలిక ఇష్టమైతే పోల్ తప్ప వేరే ఆలోచన వద్దు. మిగతావన్నీ కొంతకాలం ఆగి ఆగి చేసే భంగిమల్లా ఉంటాయి. పోల్ ఒక్కటే మొదటి వారం నుంచే డాన్స్‌లా ఉంటుంది.

రాక్ క్లైంబింగ్, జిమ్నాస్టిక్స్ అలవాటున్నవాళ్లు నేరుగా సిల్క్స్‌కి వెళ్లొచ్చు. పిడికిలి బలం అప్పటికే ఉంటుంది. కాకపోతే వాళ్లలో కనబడే దురలవాటు, బలంతో పని కానిచ్చేసి పద్ధతి దాటేయడం.

తొందరగా కళ్లు తిరిగేవాళ్లకి స్టాటిక్ పోల్, స్టాటిక్ ట్రపీజ్. హూప్ చివరికి.

ఇంట్లో కూడా చేయాలనుకుంటే పోల్ ఒక్కటే కాస్త వీలైనది. నేలకీ పైకప్పుకీ మధ్య బిగించే పోల్స్ దొరుకుతాయి. అవి కూడా పైన దూలమో గట్టి శ్లాబో ఉన్నచోటే నిలుస్తాయి, ఉత్తుత్తి ఫాల్స్ సీలింగ్ కింద కాదు. సిల్క్స్, హూప్, హ్యామక్ మాత్రం ఫ్యాన్ కొక్కేనికి తగిలించే ఆలోచన చేయకండి. ఆ కొక్కెం ఊగకుండా వేలాడే ఫ్యాన్ బరువుకి పెట్టింది. మనిషి ఊగినా, ఒక్కసారి కుదుపు ఇచ్చినా పడే బరువు వేరు. ఎక్కడ బిగించాలో, ఎంత భారం తట్టుకుంటుందో చెప్పాల్సింది ఆ పని తెలిసిన ఇంజనీరో, ఇలాంటి పరికరాలు వేలాడదీసి బిగించే రిగ్గరో.

అధిక రక్తపోటు, గ్లాకోమా, ఈమధ్యే కంటికో కడుపుకో ఆపరేషన్, హెర్నియా, చెవి సంబంధమైన కళ్లు తిరగడం, గర్భం, వీటిలో ఏదున్నా తలకిందులయ్యే క్లాస్‌కి డాక్టర్‌ని అడక్కుండా వెళ్లకూడదు. భుజం ఎప్పుడైనా జారినవాళ్లకి హ్యామక్ తప్ప మిగతావన్నీ రిస్కే, హ్యామక్‌లో కూడా ట్రైనర్‌కి ముందే చెప్పాలి.

## పరికరం కంటే ముఖ్యమైనది

ఇంత పోల్చిన తర్వాత కూడా, రెండు మంచి పరికరాల మధ్య ఊగిసలాడుతుంటే, ట్రైనర్ ఎవరు బావుంటే అటు వెళ్లండి. మంచి ట్రైనర్ దగ్గర రెండో ఇష్టమైన పరికరం, చెడ్డ ట్రైనర్ దగ్గర మొదటి ఇష్టం కంటే నయం.

చేరేముందు ఒక క్లాస్ బయట నుంచి చూడనిస్తారేమో అడగండి. చూసేటప్పుడు వార్మప్ మీద కన్నేయండి. భుజాలకీ మణికట్లకీ సమయం ఇవ్వకుండా రెండు చేతులూపి నేరుగా పరికరం ఎక్కిస్తే అది లోపమే. ప్రతి పరికరం కింద మందమైన క్రాష్ మ్యాట్ ఉందా? ఒక పరికరానికి ఇద్దరు పంచుకోవడంలో తప్పేం లేదు, అలిసిన చేతులకి ఆ విరామం కావాలి. నలుగురైదుగురు ఒకదాని కోసం వరసలో నిలబడితే డబ్బు దండగ. ట్రైనర్ ఎవరినైనా పట్టుకుని సాయం చేసేముందు ‘పట్టుకోవచ్చా?’ అని అడుగుతున్నారా? ‘రిగ్గింగ్ ఎవరు బిగించారు, ఎప్పుడెప్పుడు తనిఖీ చేస్తారు?’ అంటే తడుముకోకుండా చెప్పగలుగుతున్నారా? చివరి ప్రశ్నకి విసుక్కుంటే, ఇంకోచోట చూసుకోండి.

కొత్తవాళ్లు కాళ్లు విసిరి ఊపుతో తలకిందులవుతుంటే ట్రైనర్ ఆపుతున్నారో లేదో కూడా చూడండి. ఊపుతో వెళ్తే భుజం దెబ్బతింటుంది, బలం రాదు. అది చూసి కూడా ఊరుకునే క్లాస్‌లో మిగతా జాగ్రత్తలు కూడా అంతంతమాత్రమే.

## వెళ్లే రోజు

ఒంటికి నూనె, లోషన్ ముందు రోజు రాత్రి నుంచే మానేయాలి, పోల్‌కైతే మరీ. ఉంగరాలు, గాజులు, చెవులకి వేలాడేవి తీసేయాలి. ఉంగరం పోల్‌ని గీస్తుంది, వేలిని కోస్తుంది, సిల్క్‌ని చింపుతుంది. గోళ్లు కత్తిరించుకోండి. భోజనానికీ క్లాస్‌కీ మధ్య రెండు గంటలైనా ఉండాలి. పూర్తిగా ఖాళీ కడుపుతో వెళ్లినా కళ్లు తిరుగుతాయి. జుట్టు గట్టిగా ముడేసుకోండి, అయితే క్లిప్పులు వద్దు, తలకిందులైనప్పుడు గుచ్చుకుంటాయి.

నొప్పుల్లో తేడా తెలుసుకోవాలి. చర్మం మంట, నీలి మచ్చలు, ఒకటి నుంచి మూడు రోజుల దాకా ఒళ్లు నొప్పులు, అరచేతులు కాయలు కాయడం, ఇవన్నీ మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి, వేళ్లలో తిమ్మిరి, చెయ్యి పైకెత్తలేకపోవడం మామూలు కాదు. వెంటనే దిగి చెప్పాలి. ‘అందరూ చేస్తున్నారు కదా’ అని పళ్లు బిగించడం ఇక్కడ పనికిరాదు.

రకరకాల పరికరాలు తలా కాసేపు చూపించే ట్రయల్ క్లాస్ ఉంటే దానికి వెళ్లొచ్చు. కానీ పదిహేను నిమిషాల్లో ఏదీ పూర్తిగా తెలియదు, ఏ నొప్పి మీకు సహించదగ్గదో మాత్రం తెలుస్తుంది. ఆ తర్వాత ఒకటి ఎంచుకుని, వారానికి ఒకటో రెండో చొప్పున నాలుగు క్లాసులకి మాత్రమే డబ్బు కట్టండి. డిస్కౌంట్ ఇస్తున్నారని మూడు నెలల ప్యాకేజీ వద్దు. నాలుగో క్లాస్ నాటికి కూడా చర్మం మంట, చేతుల అలసటే ఇబ్బందైతే ఇంకో నాలుగు చూడొచ్చు, అవి తగ్గేవే. పరికరం మీదికి వెళ్లాలంటేనే బెరుకు అలాగే ఉంటే, లేదా ట్రైనర్ మాట మీద నమ్మకం కుదరకపోతే, మారిపోండి.